24 వారాలు దాటినా మా పెట్టలు గుడ్డు పెట్టలేదు: తొలి గుడ్డు కోసం ఇంకా ఎన్నాళ్లు చూడాలి?

దొడ్డివాకిలి (ప్రశ్న), నవంబరు 20

నమస్కారమండీ. మాది తెనాలికి దగ్గరలో ఒక పల్లె. ఇంటి వెనక ఉన్న దొడ్డిలో ఈ ఏడాది జులై 1న ఆరు గ్రామప్రియ రకం కోడిపిల్లలను తెచ్చి పెంచడం మొదలుపెట్టాము. అవి నాలుగు వారాల పిల్లలని, మొదటి వారంలోనే రాణిఖేత్ (కొక్కెర తెగులు) రాకుండా లసోటా టీకా చుక్కలు వేశామని అమ్మినవారు చెప్పారు. ఎనిమిదో వారం దాటాక మా ఊరి పశువుల ఆసుపత్రిలో రాణిఖేత్ రాకుండా రెండో టీకా వేయించాము. వీటితో పాటు మా అత్తయ్యగారు పుట్టింటి నుంచి తెచ్చిన నాటు పెట్టలు రెండున్నాయి. వాటి వయసు కూడా ఇంచుమించు ఇంతే.

ఆగస్టు చివరి వరకు గ్రోయర్ దాణా (ఎదిగే వయసు కోళ్లకు పెట్టేది) పెట్టాము. ఆ తరువాత పగలంతా దొడ్డిలో తిరిగి మేస్తున్నాయి కదా అని దాణా ఆపేసి, ఉదయం తడిపిన తౌడు, నూకలు, సాయంత్రం గుప్పెడు జొన్నలు, మధ్యాహ్నం ఇంట్లో మిగిలిన అన్నం పెడుతున్నాము. గూటిలో ఒక మూల పళ్ల ట్రేలో వరిగడ్డి పరిచి ఉంచాము. మా అమ్మాయి రోజూ బడికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆ ట్రేలో చేయి పెట్టి చూస్తుంది. నెల రోజులుగా అలా చూస్తూనే ఉంది, ఇంతవరకు ఒక్క గుడ్డూ లేదు.

పక్క వీధిలో ఒకరి దగ్గరున్న తెల్ల లేయర్ కోళ్లు 20 వారాలకే గుడ్లకు వచ్చాయి. అందుకని మాకు తలా ఒక మాట చెబుతున్నారు. గూటిలో రాత్రంతా బల్బు వెలిగించమని ఒకరు, నీళ్లలో సున్నం కలపమని ఒకరు, పుంజు లేనిదే పెట్ట గుడ్డు పెట్టదని ఇంకొకరు. దీపావళి టపాకాయలకు బాగా బెదిరాయి. ఆ తరువాత వానలకు గూటిలోకి నీరు చేరితే గూడును దొడ్డికి అవతలి వైపు మార్చాము. వీటిలో దేని వల్ల ఆలస్యమవుతోందో, అసలు ఇది ఆలస్యమేనా కాదా తెలియడం లేదు. ఇవి ఆరోగ్యంగా ఉండి తమంతట తాము గుడ్లకు రావాలన్నదే మా కోరిక. వాటికి హాని చేసేది ఏదీ చేయదలచుకోలేదు. అనుభవమున్నవారు చెప్పగలరు.

పాత పశువైద్యుడు, నవంబరు 20

మీరు తేదీలతో సహా రాయడం చాలా మంచిదైంది. లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం. జులై 1 నాటికి నాలుగు వారాలంటే ఆ పిల్లలు జూన్ 3 ప్రాంతంలో గుడ్డులోంచి బయటపడ్డట్టు. అక్కడి నుంచి ఈ రోజుకు 170 రోజులు, అంటే 24 వారాల మీద రెండు రోజులు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం గ్రామప్రియ. సరైన మేపు ఉన్నచోట అది సుమారు అయిదున్నర నెలలకు తొలి గుడ్డు పెడుతుంది. అక్కడే తయారైన వనరాజ ఇంకొంచెం నిదానం, ఆరు నెలలకు అటూ ఇటూ అవుతుంది. మీ పక్క వీధిలోని తెల్ల లేయర్లు గుడ్ల కోసమే తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చిన తేలిక శరీరపు కోళ్లు కనుక, వాటితో మీ పెట్టలను పోల్చుకుని బెంగపడవలసిన అవసరం లేదు. దొడ్డిలో తిరిగి మేసే గ్రామప్రియకు 170 రోజులు దాటడం లోపమని నేను అనను. మీ నాటు పెట్టలైతే ఏడు నెలలు నిండాక వచ్చినా అది వాటి తీరే.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. చాలామంది దీన్ని గమనించరు. మీ పిల్లలు జూన్ మొదట్లో పుట్టాయి, అంటే మన దగ్గర పగలు అన్నిటికంటే పొడవుగా ఉండే రోజుల్లో. అప్పుడు కోస్తా జిల్లాల్లో పగలు దాదాపు 13 గంటలు ఉంటుంది. డిసెంబరు మూడో వారానికి 11 గంటల పైచిలుకుకు దిగుతుంది. మీ పెట్టలు పెరిగిన కాలమంతా పగలు తగ్గుతూ వచ్చిన కాలమే. కోడికి గుడ్డు పెట్టే ప్రేరణ చాలావరకు వెలుతురు నుంచే వస్తుంది. పగలు పెరుగుతున్న రోజుల్లో ఎదిగిన పెట్ట తొందరగా గుడ్లకు వస్తుంది, తగ్గుతున్న రోజుల్లో ఎదిగినది నిదానిస్తుంది. అందువల్ల సంక్రాంతి ముందు పుట్టిన పిల్లలకూ, తొలకరికి పుట్టిన పిల్లలకూ రెండు మూడు వారాల తేడా కనబడినా ఆశ్చర్యం లేదు.

రోజులు లెక్కపెట్టడం కంటే పెట్టను చూడడం నమ్మకమైన పని. ముందుగా తలను చూడండి. తురాయి, గొంతు కింది తమ్మెలు ఇంకా లేత గులాబీ రంగులో, పొడిగా, చిన్నవిగా ఉంటే ఆ పెట్టకు ఇంకా కొన్ని వారాలు పడుతుంది. అవి ఎర్రబడి, పెద్దవై, తాకితే మెత్తగా, వెచ్చగా తగిలితే గుడ్డు దగ్గరపడినట్టే. తరువాత నెమ్మదిగా వీపు మీద చేయి వేయండి. ఎదగని పెట్ట జారుకుని పరుగెత్తుతుంది. గుడ్లకు రాబోతున్నది రెక్కలు కొద్దిగా విప్పి, కాళ్లు మడిచి నేలకు ఒదిగిపోతుంది. అలా ఒదిగిన పెట్ట సాధారణంగా వారం పది రోజుల్లో, ఒక్కోసారి ఇంకా ముందే, గుడ్డు పెడుతుంది.

మూడో పరీక్షకు కొంచెం చేయి తిరగాలి కానీ కష్టమేమీ కాదు. చీకటి పడ్డాక, దండె మీద కునుకుతున్న పెట్టను చంకలో పెట్టుకుని, తల మీ వెనక్కి ఉండేలా పట్టుకోండి. తోక కింద, గుడ్డు వచ్చే ద్వారానికి రెండు పక్కలా సన్నటి ఎముక మొనలు రెండు చేతికి తగులుతాయి. ఆ రెండింటి మధ్య ఒక వేలు కూడా పట్టకపోతే ఆ పెట్టకు ఇంకా సమయం ఉంది. రెండు వేళ్లు పడితే దగ్గరపడింది. గుడ్లు పెడుతున్న పెట్టకు రెండు మూడు వేళ్ల ఎడం ఉంటుంది. ద్వారం కూడా గుండ్రంగా, ముడుచుకుని, పొడిగా ఉండే దశ దాటి వెడల్పుగా, తేమగా, లేత రంగులో కనబడుతుంది. ఎనిమిదింటినీ ఈ రాత్రే చూసి, ఒక్కొక్కదానికి వేరువేరు రంగు దారం కాలికి వదులుగా కట్టి, కాగితం మీద రాసుకోండి. వారం తరువాత మళ్లీ చూస్తే మార్పు మీకే తెలుస్తుంది. దారం బిగుసుకోకుండా మాత్రం రోజూ గమనించాలి.

మీ రాతలో నాకు అసలు చింత కలిగించింది మేపు. ఎదుగుతున్న పెట్టకు నూకలు, తౌడు, జొన్నలు కడుపు నింపుతాయి కానీ గుడ్డుకు కావలసిన మాంసకృత్తులను, సున్నపు పదార్థాన్ని ఇవ్వవు. ఒక్క గుడ్డు పెంకులోనే దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తొలి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందు నుంచే పెట్ట తన పొడుగాటి ఎముకల లోపల కాల్షియాన్ని దాచుకోవడం మొదలుపెడుతుంది. పెంకు కట్టే సమయంలో మేత నుంచి చాలినంత రాకపోతే ఆ నిల్వ నుంచి తీసుకుంటుంది. దొడ్డిలో పురుగులు, గడ్డిగింజలు దొరకబట్టి మీ పెట్టలు నెట్టుకొస్తున్నాయి. వానలు కురిసి ఎక్కువసేపు గూటిలో ఉండవలసి వచ్చినప్పుడు ఆ ఆధారమూ పోతుంది.

ఈ వారం నుంచి రోజు మేతలో సగమైనా గ్రోయర్ దాణా పెట్టండి. తురాయిలు ఎర్రబడిన పెట్టలు మూడు నాలుగు కనబడగానే గ్రోయర్ ఆపి లేయర్ దాణాకు మార్చండి. అంతకంటే చాలా ముందుగా లేయర్ దాణా పెట్టవద్దు. అందులో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం వరకు ఉంటుంది. గుడ్లు పెట్టని చిన్న పెట్టకు అంత కాల్షియం నెలల తరబడి పెడితే మూత్రపిండాలు చెడిపోతాయి. అందుకనే కాల్షియం కోసం పెట్టే గుల్లలను దాణాలో కలపకుండా వేరే చిప్పలో పెట్టమంటాను. మీరున్న ప్రాంతంలో ఆల్చిప్పల, నత్తగుల్లల ముక్కలు సులువుగా దొరుకుతాయి. వాటిని కడిగి, ఎండబెట్టి, బియ్యపు గింజంత ముక్కలుగా దంచి మూలన ఉంచితే, అవసరమైన పెట్ట తనకు తానే తింటుంది, అవసరం లేనిది వదిలేస్తుంది. ఆ చిప్పను సాయంత్రం తప్పకుండా నింపండి, ఎందుకంటే పెంకు కట్టే పని ఎక్కువగా రాత్రి వేళ జరుగుతుంది. నీళ్లలో తడి సున్నం కలపమన్న సలహాను మాత్రం దయచేసి పాటించవద్దు. అది ఘాటుగా ఉండి నోరు, గొంతు పాడుచేస్తుంది. పైగా ఆ నీరు రుచించక పెట్టలు తాగడం తగ్గిస్తాయి. గుడ్డు బరువులో మూడింట రెండు వంతులు నీరే కనుక నీరు తగ్గితే గుడ్డు కూడా ఆగుతుంది.

వేరుశనగ చెక్క ఇంట్లో ఉంటే కొద్దిగా పెట్టవచ్చు కానీ, వానాకాలంలో బూజు వాసన వచ్చిన చెక్కను ఒక్క ముక్క కూడా వేయకండి. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మునగాకు, అవిశాకు కట్టగట్టి వేలాడదీస్తే పొడుచుకు తింటాయి. మా చిన్నప్పుడు పాత కుండలో పేడ, గోనె ముక్కలు వేసి, తడిపి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించేవారు. తెల్లవారి ఆ కుండ ఎత్తితే చెదలు పుష్కలంగా ఉండేవి. కోడిపిల్లలకు అంతకంటే బలమైన మేత పల్లెలో లేదు.

పుంజు మాట అపోహ. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. టపాకాయల బెదురు, గూడు మార్పు ఈ రెండూ మాత్రం నిజమైన కారణాలే. గుడ్లకు రాబోయే పెట్టకు చోటు మారితే కొన్నాళ్లు వెనకాడుతుంది. ఇకమీదట గూడును కదపకండి. నులిపురుగుల మందు వేసి మూడు నెలలు దాటి ఉంటే మీ ఆసుపత్రిలో అడిగి ఇప్పుడే వేయించండి. గుడ్లు మొదలయ్యాక వేయిస్తే, ఆ మందును బట్టి ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోవలసి వస్తుంది.

గోదారిగట్టు, నవంబరు 21

డాక్టరుగారు అన్నీ వివరంగా చెప్పారు. నేను ఒక్క సంగతి జోడిస్తాను. మీ పెట్టలు గుడ్డు పెట్టలేదని అంత ఖాయంగా ఎలా అనుకుంటున్నారు? మాది కోనసీమ. ముప్పై ఏళ్లుగా మా కొబ్బరితోటలో నాటు కోళ్లు పెంచుతున్నాను. మొదటి ఏడాది నేనూ మీలాగే రోజూ బుట్టలోనే చూసి, ఈ పెట్టలు గొడ్డువేమో అని దిగులుపడ్డాను. ఒక రోజు అరటి బోదెల మధ్య ఎండుటాకులు తీస్తుంటే, మట్టలు ఒకదాని మీద ఒకటి పడి చిన్న గుహలా ఏర్పడిన చోట, అరచేతి లోతున గుంట చేసి అందులో పదకొండు గుడ్లు పెట్టి ఉన్నాయి. అన్నీ ఒక్క పెట్టవే. అడుగున ఉన్న మూడింటికి మన్ను అంటి రంగు మారింది, పైనున్నది ఇంకా వెచ్చగా ఉంది.

పెట్టకు వెలుతురు పడని, మనుషులు నడవని, ఒక వైపు గోడలాగా ఆసరా ఉన్న చోటు కావాలి. గూటి మూల పెట్టిన పళ్ల ట్రే నాలుగు పక్కలా కన్నాలతో వెలుతురుగా ఉంటుంది కనుక అది వాటికి నచ్చదు. దాని బదులు అడుగున్నర వెడల్పున్న తాటాకు బుట్టనో, పాత చెక్కపెట్టెనో తెచ్చి, పైన గోనె వేలాడదీసి లోపల చీకటిగా చేయండి. మీ ఎనిమిదింటికి రెండు పెట్టెలు చాలు. వాటిని రాత్రి పడుకునే దండె కంటే కింద ఉంచండి. ఎత్తులో ఉంటే కోళ్లు అందులోనే పడుకుని రెట్టతో పాడుచేస్తాయి. గడ్డిలో మధ్యన చేతితో గుంటలాగా చేసి ఒక గుండ్రటి తెల్లరాయి, లేదా చెక్కతో చేసిన గుడ్డు పెట్టండి. ఒక పెట్ట పెట్టిన చోటనే ఇంకో పెట్ట పెట్టడానికి ఇష్టపడుతుంది, అది చూసి ఇక్కడ క్షేమమని అనుకుంటాయి.

అన్నింటికంటే ముఖ్యం, రెండు వారాల పాటు ఉదయం పదిన్నర, పదకొండు గంటల వరకు గూటి తలుపు తీయవద్దు. లోపలే నీళ్లు, మేత పెట్టండి. గుడ్లు ఎక్కువగా ఆ వేళలోపే పెడతాయి. గుడ్డు దగ్గరపడిన పెట్ట ఏదైనా ఉంటే అటూ ఇటూ పచారు చేస్తూ, మూలల్లో తల దూర్చి చూస్తూ, గొంతులో సన్నగా కూనిరాగం లాంటి చప్పుడు చేస్తూ ఉంటుంది. బయట దొంగచాటుగా పెట్టడం అలవాటైనదైతే తలుపు దగ్గర నిలబడి గోల చేస్తుంది. అలాంటిది కనబడితే ఒక రోజు దాన్నొక్కదాన్నే వదిలి, దూరంగా ఉండి, ఎటు వెళుతుందో చూడండి. నేరుగా పోదు. మేస్తున్నట్టు నటిస్తూ చుట్టూ తిరిగి, మనం తల తిప్పగానే చటుక్కున దూరుతుంది. గుడ్డు పెట్టి బయటకు వచ్చాక కొక్కరిస్తుంది కానీ, ఆ కొక్కరించేది గుడ్డున్న చోటుకు దూరంగా వచ్చాకనే.

అలా దొరికిన గుడ్లు ఎన్నాళ్లవో తెలియవు కనుక వేరువేరుగా గిన్నెలో కొట్టి చూసుకున్నాకే కూరలో వేయండి. గడ్డివాము కింద, కట్టెల మోపు వెనక చేయి పెట్టేముందు కర్రతో కదపండి. గుడ్ల కోసం నాగుపాము వస్తుంది. ముంగిస కూడా వస్తుంది. మీ అమ్మాయి చేత ఆ వెతుకులాట చేయించకండి తల్లీ.

దూరదేశపు దొడ్డి, నవంబరు 21

నేను గుంటూరు జిల్లావాడినే, ఇప్పుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంటూ ఇంటి వెనక అయిదు పెట్టలను పెంచుతున్నాను. బల్బు సంగతి ఒక్కటే రాస్తాను. ఇక్కడ డిసెంబరులో పగలు 9 గంటలకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. అందువల్ల శరదృతువులో ఎదిగిన పెట్టలు చాలావరకు ఫిబ్రవరి వరకు గుడ్డు పెట్టవు. అది తట్టుకోలేనివారు తెల్లవారుజామున కొన్ని గంటలు తక్కువ వెలుతురు బల్బు వెలిగించి మొత్తం 14 గంటలు అయ్యేలా చూస్తారు. మీకు 11 గంటలకు పైగా సహజమైన వెలుతురు ఉంది, డిసెంబరు చివరి నుంచి అది మళ్లీ పెరుగుతుంది. రాత్రంతా వెలిగిస్తే కోళ్లకు నిద్ర ఉండదు, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. శరీరం ఎదగక ముందే వెలుతురుతో తొందరపెడితే మరీ చిన్న గుడ్లు వస్తాయి, గుడ్డు దారిలో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. వరిగడ్డి ఉన్న గూటిలో వేడెక్కే బల్బు వేలాడదీయడం నిప్పుతో ఆడుకోవడమే. మీ పెట్టలకు బల్బు వద్దని నా మనవి.

దొడ్డివాకిలి, డిసెంబరు 3

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ రాత్రే టార్చి పట్టుకుని ఎనిమిదింటినీ చూశాము. రెండు గ్రామప్రియలకు తురాయిలు ఎర్రగా ఉండి, ఎముకల మధ్య రెండు వేళ్లు పట్టాయి. మూడింటికి ఒక వేలు పట్టింది. ఆరోదానికీ, నాటువి రెండింటికీ ఒక వేలు కూడా పట్టలేదు. దొడ్డంతా కర్రతో కదుపుతూ వెతికాము, ఎక్కడా గుడ్లు లేవు. గ్రోయర్ దాణా మళ్లీ మొదలుపెట్టి, మొన్న ఆదివారం నుంచి లేయర్ దాణాకు మార్చాము. ఆల్చిప్పల ముక్కలు వేరే చిప్పలో పెడితే, ఆ ఎర్ర తురాయిల రెండే వాటి దగ్గరికి వెళ్లి తింటున్నాయి. మిగతావి ఒకసారి పొడిచి వదిలేస్తున్నాయి. పాత చెక్కపెట్టెలు రెండు గోనెతో కప్పి, ఒక్కొక్కదానిలో తెల్లరాయి పెట్టాము.

నిన్న తెల్లవారి దండె కింద నేల మీద ఒక తోలుగుడ్డు కనబడింది. పెంకు లేదు, పొర మాత్రమే ఉంది. చేతిలోకి తీసుకుంటే నీళ్లు నింపిన తిత్తిలాగా ఒక వైపు జారింది. ఈ రోజు ఉదయం పసుపు దారం కట్టిన పెట్ట పెట్టెలో దూరి దాదాపు గంట సేపు కూర్చుంది. మా అమ్మాయి బడికి ఆలస్యమైనా సరేనని గుమ్మం దగ్గరే నిలబడింది. పెట్ట లేచి వచ్చాక చూస్తే రాయి పక్కన లేత గోధుమ రంగు గుడ్డు ఉంది. పెంకు గట్టిగానే ఉంది, ఒక కొస గరుకుగా ఉంది, నడుమ సన్నగా రెండంగుళాల నెత్తుటి చార ఉంది. వంటింటి కాటాలో 37 గ్రాములు తూగింది. లెక్క చూసుకుంటే అవి పుట్టి నేటికి 183 రోజులు.

ఆ తోలుగుడ్డు వల్ల, ఈ నెత్తుటి చార వల్ల పెట్టకు ఏమైనా అపాయమా? ఈ గుడ్డును తినవచ్చా? మా అత్తయ్యగారు దీన్ని నాటు పెట్ట పొదిగేటప్పుడు పెడదామంటున్నారు.

పాత పశువైద్యుడు, డిసెంబరు 3

చాలా సంతోషమైన వార్త. ఎర్ర తురాయి పెట్టలు రెండే గుల్లలు తింటున్నాయని మీరు గమనించి రాశారు, నాకు అది గుడ్డు కంటే ఎక్కువ తృప్తినిచ్చింది. వాటి శరీరం ఏమి అడుగుతోందో అవి చూపించాయి, మీరు చూడగలిగారు.

తోలుగుడ్డు తొలినాళ్లలో తరచుగా కనబడుతుంది. పచ్చసొన అండాశయం నుంచి విడివడ్డాక తెల్లసొన, పొర, పెంకు కట్టుకుని బయటకు రావడానికి సుమారు 25 గంటలు పడుతుంది, అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టే చోటనే గడుస్తుంది. కొత్తగా పని మొదలుపెట్టిన ఆ యంత్రాంగం ఒకటి రెండు వారాల పాటు లయ కుదరక తడబడుతుంది. ఒక రోజు పెంకు లేకుండా, ఒక రోజు సొన లేకుండా గోలీకాయంతగా, ఇంకో రోజు రెండు సొనలతో గుడ్డు రావచ్చు. రెండు మూడు వారాలు దాటాక కూడా అదే పెట్ట తోలుగుడ్లు పెడుతూ ఉంటే అప్పుడు మేపును, ఆరోగ్యాన్ని చూడాలి. గూటిలో పడిన తోలుగుడ్డును కోళ్లు పొడిచి రుచి మరిగితే మంచి గుడ్లను కూడా పగలగొట్టడం నేర్చుకుంటాయి కనుక, తెల్లవారగానే దండె కింద చూసి తీసివేయండి.

నెత్తుటి చార, ద్వారం దగ్గర చర్మం తొలిసారి సాగినప్పుడు సన్నని రక్తనాళం చిట్లడం వల్ల వచ్చింది. సాధారణంగా రెండు మూడు గుడ్ల తరువాత కనబడదు. చార ప్రతి రోజూ పెద్దదవుతుంటే, లేదా ద్వారం దగ్గర ఎర్రటి కండ బయటకు వచ్చి ఉంటే ఆ పెట్టను వెంటనే వేరుచేయండి. మిగతావి ఎర్రగా కనబడినదాన్ని పొడుస్తాయి, అది ప్రాణం మీదికి వస్తుంది.

ఒక్క లక్షణాన్ని మాత్రం మీరూ, మీ ఇంట్లోవారూ గుర్తుపెట్టుకోవాలి. పెట్ట రెక్కలు వాల్చి, ఈకలు ఉబ్బించి ఒకచోట నిలబడి, తోకను పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కుతూ, మేత ముట్టకుండా ఉంటే గుడ్డు అడ్డుపడిందని అనుమానించండి. చేయి పట్టేంత గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పొట్ట మునిగేలా పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచి, తుడిచి, చీకటిగా వెచ్చగా ఉన్న చోట పెట్టండి. గంటా రెండు గంటల్లో గుడ్డు రాకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయండి. లోపల గుడ్డును వేలితో నొక్కి పగలగొట్టే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. పెంకు ముక్కలు లోపల గుచ్చుకుంటే ఆ పెట్ట బతకదు.

గుడ్డును నిశ్చింతగా తినవచ్చు. చారను పొడి గుడ్డతో తుడిచి, వండుకునే ముందు మాత్రమే కడగండి. ముందే కడిగి నిల్వ ఉంచితే పెంకు మీది సహజమైన పూత పోతుంది. 37 గ్రాములు తొలి గుడ్డుకు మామూలు బరువే, వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది. పొదిగించడానికి మాత్రం ఇది పనికిరాదని అత్తయ్యగారికి చెప్పండి. మీ దగ్గర పుంజు లేదు కనుక ఇందులో పిల్ల ఏర్పడదు. పుంజును తెచ్చినా మొదటి నెలన్నర గుడ్లను పొదిగించవద్దు. చిన్న గుడ్డు నుంచి వచ్చే పిల్ల చిన్నదిగా, బలహీనంగా ఉంటుంది. నాటు పెట్ట పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టాక తనంతట తానే పొదుగుకు కూర్చుంటుంది. అప్పటికి గ్రామప్రియ గుడ్లు కూడా పెద్దవవుతాయి.

గోదారిగట్టు, డిసెంబరు 4

శుభవార్త చెప్పారమ్మా. ఒక్క మాట. పెట్టెలోని రాయిని అప్పుడే తీయకండి, మిగతా అయిదు గ్రామప్రియలూ, నాటువి రెండూ గుడ్లకు వచ్చేవరకు ఉంచండి. ఉదయం గూడు మూసి ఉంచడం ఇంకో రెండు వారాలు కొనసాగించండి. పసుపు దారం పెట్టకు పెట్టె అలవాటైంది కదా, మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. గుడ్డు తీసేటప్పుడు పెట్ట లేచి బయటకు వచ్చాకే తీయమని మీ అమ్మాయికి చెప్పండి. కూర్చున్నప్పుడు కింద చేయి పెడితే బెదిరి, రేపటి నుంచి మా అరటి బోదెల లాంటి చోటు వెతుక్కుంటుంది.